అమెరికా అంతర్యుద్ధ ఉత్తరాలు: ఏ సేకరణతో మొదలుపెట్టాలి?

1861 నుంచి 1865 దాకా ఉత్తరాది (యూనియన్) రాష్ట్రాలకూ, విడిపోయిన దక్షిణాది (కాన్ఫెడరేట్) రాష్ట్రాలకూ మధ్య సాగిన అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాళ్లలో ఎక్కువమందికి చదవడం, రాయడం వచ్చు. ఉత్తరాది తెల్ల సైనికుల్లో పదిమందికి తొమ్మిదిమంది, దక్షిణాది సైనికుల్లో పదిమందికి ఎనిమిదిమంది అక్షరాలు వచ్చినవాళ్లేనని చరిత్రకారుల అంచనా. ఇంటికి రాసే ఉత్తరాలను సైన్యం విప్పి చదివేది కాదు. ఆ తనిఖీ యుద్ధ ఖైదీల ఉత్తరాలకే ఉండేది. ఉత్తరాది సైనికుడి దగ్గర స్టాంపు లేకపోయినా, కవరు మీద ‘సైనికుడి ఉత్తరం’ అని రాయించుకుని పంపేయొచ్చు. ఆ 3 సెంట్లు ఇంటి దగ్గరివాళ్లు కట్టి తీసుకునేవాళ్లు. అందుకే అన్ని ఉత్తరాలు పుట్టాయి. వాటికి తోడు అధ్యక్షుడికి, మంత్రులకు, జనరల్స్‌కు వచ్చినవి, వాళ్లు రాసినవి వేరే ఉన్నాయి.

ఇప్పుడు వీటిలో చాలా భాగం స్కాన్ అయి ఉచితంగా దొరుకుతోంది. గుంటూరులో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఫోన్‌లోనే తెరిచి చూడొచ్చు. చిక్కంతా ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. అమెరికాలో 6 నుంచి 12వ తరగతి దాకా పిల్లలు నేషనల్ హిస్టరీ డే అనే చరిత్ర పోటీకి ప్రాజెక్టు చేస్తారు. అందులో అప్పటి పత్రాలు వాడి తీరాలి. మన ఇళ్లలో ఆ టెన్షన్ పిల్లల కన్నా తల్లిదండ్రులకే ఎక్కువ. గూగుల్‌లో మొదట వచ్చిన ఉత్తరాన్ని పట్టుకుని ప్రాజెక్టు కట్టేస్తారు. హిస్టరీలో పీజీ చేసేవాళ్లు, తెలుగులోకి అనువదించాలనుకునేవాళ్లు కూడా చాలాసార్లు అప్పటి అధ్యక్షుడు లింకన్ పేరు చూసి అటే వెళ్లిపోతారు.

నా సలహా ఒకటే. రాసినవాళ్ల పేరు చూసి సేకరణను ఎంచుకోకండి. ఆ ఉత్తరాన్ని ఎవరు, దేనికోసం దాచారో ముందు చూడండి. ఆ సేకరణలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో తేల్చేది అదే. ఈ లెక్కన ముఖ్యమైన సేకరణలను ఒక్కొక్కటిగా చూద్దాం.

లింకన్ పేపర్లు: పెద్దవే, కానీ మొదటి మెట్టు కాదు

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అబ్రహాం లింకన్ పేపర్లు దాదాపు 40 వేలు ఉన్నాయి. వీటిని దాచింది ఆయన కొడుకు రాబర్ట్ టాడ్ లింకన్. లైబ్రరీకి ఇచ్చేస్తూ, తాను పోయాక 21 ఏళ్ల దాకా ఎవరికీ చూపకూడదని షరతు పెట్టాడు. ఆయన 1926 జులై 26న చనిపోయాడు. సరిగ్గా 1947 జులై 26న వాటిని తెరిచారు. అంతవరకు లింకన్ కార్యదర్శులు నికొలే, హే తప్ప జీవిత చరిత్రలు రాసినవాళ్లెవరూ వీటిని చూసి రాసినవాళ్లు కారు. అంతకుముందు వచ్చిన పుస్తకాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

పేరు లింకన్ పేపర్లే అయినా, వీటిలో అత్యధికం ఆయనకు వచ్చిన ఉత్తరాలు. ఉద్యోగాలు అడిగేవాళ్లు, సలహాలిచ్చేవాళ్లు, బెదిరించేవాళ్లు, గవర్నర్లు, పార్టీ నాయకులు అందరూ రాశారు. లింకన్ స్వయంగా రాసినవి కావాలంటే 1953లో రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 8 సంపుటాలుగా వచ్చిన సంకలనం ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయం దాన్ని ఆన్‌లైన్‌లో వెతుక్కునేలా పెట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన తెరిచి, వచ్చిన ఉత్తరం ఇక్కడ, వెళ్లిన జవాబు అక్కడ చదివితేనే కథ పూర్తవుతుంది. రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు నేను ఈ జంటనే సూచిస్తాను.

ఇందులో పంపని కాగితాలే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత ఉత్తరాది సేనాని జనరల్ మీడ్ శత్రు సైన్యాన్ని వెంటాడకుండా నది దాటిపోనిచ్చాడు. 1863 జులై 14న లింకన్ ఆయనకు బాధగా, కోపంగా ఒక ఉత్తరం రాశాడు. రాశాక కవరులో పెట్టి, పైన ‘జనరల్ మీడ్‌కు, పంపలేదు, సంతకం పెట్టలేదు’ అని తన చేత్తోనే రాసి పక్కన పెట్టేశాడు. 1864 ఆగస్టు 23న మరో కాగితం. ఎన్నికల్లో తాను ఓడిపోవడం దాదాపు ఖాయమని, అలా జరిగితే కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టేలోగా అతనితో కలిసి దేశాన్ని కాపాడుకోవాలని అందులో రాశాడు. దాన్ని మడిచి, లోపల ఏముందో చెప్పకుండా మంత్రులందరిచేతా వెనకవైపు సంతకాలు పెట్టించాడు. సెప్టెంబరు మొదట్లో అట్లాంటా ఉత్తరాది సైన్యం చేతికి వచ్చింది. నవంబరులో లింకన్ గెలిచాడు. ఆ తర్వాతే మంత్రుల ముందు ఆ కాగితం విప్పి చదివాడు. ఇలాంటివి పుస్తకాల్లో సారాంశంగా చదవడం వేరు, మడత గీతలతో సహా స్కాన్‌లో చూడడం వేరు.

ఇక ఇబ్బందులు. చేతిరాత కష్టం. వేల పత్రాలకు ఇల్లినాయ్‌లోని నాక్స్ కాలేజీ పరిశోధకులు చదివి రాసిన పాఠం, వివరణలు ఉన్నాయి. మిగిలినవాటిని 2018లో మొదలైన ‘బై ది పీపుల్’ అనే కార్యక్రమంలో వాలంటీర్లు టైప్ చేశారు. రెండోరకం పాఠంలో అక్కడక్కడా పొరపాట్లు ఉంటాయి. కోట్ చేసేముందు స్కాన్‌తో సరిచూసుకోండి. ఇంకో ఇబ్బంది, సందర్భం తెలియకుండా చదివితే సగం పేర్లు తలకెక్కవు. అందుకే కొత్తవాళ్లకు ఇది రెండో అడుగు అంటాను.

నేను మొదట చదవమనేది: విముక్తి పత్రాలు

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో 1976లో చరిత్రకారుడు ఐరా బెర్లిన్ ఆధ్వర్యంలో ఫ్రీడ్‌మెన్ అండ్ సదరన్ సొసైటీ ప్రాజెక్ట్ మొదలైంది. వాళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లోని ప్రభుత్వ ఫైళ్లన్నీ జల్లెడ పట్టి, బానిసత్వం నుంచి బయటపడుతున్నవాళ్ల గొంతు వినిపించే పత్రాలను దాదాపు 50 వేలు ఎంచుకున్నారు. వాటిలోంచి సంపుటాలు వేశారు. నమూనాగా కొన్నింటిని వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. అవి ఎక్కువేమీ కావు, కానీ ఒక్కొక్కటి పూర్తిగా, రాసినవాళ్ల స్పెల్లింగ్‌తోనే, ఏ ఫైలులో దొరికిందో చెబుతూ ఉంటాయి. మొదటిసారి చదివేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

1864 ఆగస్టు 25న మేరీల్యాండ్‌లోని బెలేర్ నుంచి యానీ డేవిస్ అనే బానిస స్త్రీ లింకన్‌కు రాసిన ఉత్తరం చూడండి. నాలుగైదు వాక్యాలే. నాకు స్వేచ్ఛ కావాలి, తూర్పు తీరంలో ఉన్న నావాళ్లను చూడడానికి వెళ్లాలి, యజమానురాలు వెళ్లనివ్వడం లేదు, మేము స్వతంత్రులమా కాదా చెప్పండి, ఈ వారమే కబురు పంపండి అని అడిగింది. బానిసలకు స్వేచ్ఛ ఇస్తూ 1863 జనవరి 1న వచ్చిన లింకన్ విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే వర్తించింది. మేరీల్యాండ్ యూనియన్‌లోనే ఉండిపోయిన రాష్ట్రం కాబట్టి అక్కడ ఆ ప్రకటన పనిచేయలేదు. ఆ రాష్ట్రంలో బానిసత్వం రద్దయింది కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1864 నవంబరు 1న. అంటే ఆమె ఉత్తరం రాసిన రోజున, చట్టప్రకారం జవాబు ‘కాదు’. విముక్తి ప్రకటన ఎక్కడిదాకా పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది పిల్లలకు అర్థం కావాలంటే ఈ ఒక్క ఉత్తరం చాలు.

ఇది లింకన్‌కు రాసిన ఉత్తరమే అయినా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని లింకన్ పేపర్లలో వెతికితే దొరకదు. నల్లజాతివాళ్లకు సంబంధించిన ఇలాంటి ఉత్తరాలు యుద్ధ శాఖకు, అక్కడినుంచి నల్ల సైనిక దళాల వ్యవహారాలు చూసే విభాగానికి చేరాయి. ఆ ఫైళ్లు ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ ఉత్తరం కూడా అక్కడే దొరికింది. అతను నల్ల సైనికులతో కూడిన 54వ మసాచుసెట్స్ దళంవాడు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, బట్టల ఖర్చు వేరుగా ఇచ్చేవాళ్లు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకు 3 కోత, చేతికి వచ్చేది 7. ఆ దళంవాళ్లు అసలు జీతమే వద్దని తిరస్కరించారు. 1863 సెప్టెంబరు 28న సౌత్ కెరొలైనాలోని మోరిస్ దీవి నుంచి గూడింగ్ అధ్యక్షుడిని సూటిగా అడిగాడు: మేము సిపాయిలమా, కూలీలమా? ఆ దీవిలోని దక్షిణాది కోట ఫోర్ట్ వాగ్నర్ మీద దాడిలో ఆ దళం చిందించిన రక్తం అప్పటికి ఇంకా రెండున్నర నెలల నాటిదే. 1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలు సమానం చేసింది. గూడింగ్ అప్పటికే శత్రువులకు చిక్కి ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో ఉన్నాడు. జులైలో అక్కడే చనిపోయాడు.

మూడోది స్పాట్స్‌వుడ్ రైస్‌ది. మిస్సోరీలో బానిసగా ఉండి సైన్యంలో చేరినవాడు. 1864 సెప్టెంబరు 3న సెయింట్ లూయిస్‌లోని సైనిక ఆసుపత్రి మంచం మీద నుంచి, ఇంకా బానిసత్వంలోనే ఉన్న తన కూతుళ్లకు రాశాడు. నా ప్రాణం పోయినా సరే మిమ్మల్ని తెచ్చుకుంటాను, దిగులు పడకండి అని. అదే సమయంలో కూతురి యజమానురాలికి ఇంకో ఉత్తరం రాశాడు. నా బిడ్డను ఎంతకాలం పట్టి ఉంచుకుంటే అంతకాలం నరకంలో కాలతావు అని. మరి ఈ ఉత్తరాలు ఎలా మిగిలాయి? ఆ పిల్లల యజమానుల్లో ఒకరు, ఈ సైనికుడిని రాష్ట్రంలో లేకుండా చేయమని అక్కడి ఉత్తరాది సైన్యాధికారి జనరల్ రోజ్‌క్రాన్స్‌కు ఫిర్యాదు చేస్తూ వీటిని జత చేశారు. అలా సైనిక ఫైలులో పడ్డాయి. ఒక తండ్రి గొంతు నొక్కేయాలని పంపిన కాగితమే ఆ గొంతును మన దాకా మోసుకొచ్చింది. ఎవరు, దేనికి దాచారు అన్న ప్రశ్నను నేను ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో దీన్నిబట్టి అర్థమై ఉంటుంది.

మామూలు సైనికులు కావాలంటే: రెండు దారులు

ఇంటికి రాసిన ఉత్తరాలు చదవాలంటే ‘వ్యాలీ ఆఫ్ ది షాడో’, ‘ప్రైవేట్ వాయిసెస్’ అని రెండు సేకరణలు బాగుంటాయి. రెండూ ఉచితం. రెండింటి తత్వం వేరు.

మొదటిది వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఎయర్స్ మొదలుపెట్టిన పని. రెండు కౌంటీలు తీసుకున్నారు. ఒకటి దక్షిణాన వర్జీనియాలోని అగస్టా, ఇంకొకటి ఉత్తరాన పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్. రెండూ ఒకే పెద్ద లోయలో ఉన్నాయి. అటువైపు బానిసత్వం ఉంది, ఇటువైపు లేదు. ఆ రెండు చోట్ల ఉత్తరాలు, డైరీలు, పత్రికలు, జనాభా లెక్కలు అన్నీ ఒకచోట పేర్చారు. అంటే ఉత్తరంలో కనిపించిన మనిషిని జనాభా లెక్కల్లో వెతకొచ్చు, ఆస్తి ఎంతో చూడొచ్చు, అదే వారం ఊరి పత్రిక ఏమి రాసిందో చదవొచ్చు. ఫ్రాంక్లిన్ కౌంటీలోని చేంబర్స్‌బర్గ్ పట్టణాన్ని 1864 జులై 30న దక్షిణాది సైన్యం లక్ష డాలర్ల బంగారమో, 5 లక్షల నోట్లో ఇమ్మని అడిగి, ఇవ్వకపోయేసరికి తగలబెట్టింది. ఆ సంఘటనను రెండువైపుల నుంచీ చదవగలిగే వీలు ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు. స్కూలు ప్రాజెక్టుకు నా ఓటు దీనికే. పోల్చడానికి రెండు పక్షాలు సిద్ధంగా ఉంటాయి, టైప్ చేసిన పాఠం ఉంటుంది, చేతిరాతతో కుస్తీ పట్టక్కర్లేదు.

రెండోదాంట్లో పెద్దగా చదువుకోని సైనికులు, వాళ్ల ఇంటివాళ్లు రాసిన ఉత్తరాలుంటాయి. భాషా పరిశోధకులు ఏరి పెట్టిన సేకరణ ఇది. చెవికి ఎలా వినిపిస్తే అలా రాసినవాళ్లు, ఫుల్‌స్టాప్ ఎక్కడా పెట్టనివాళ్లు. కళ్లతో చదివితే గజిబిజిగా ఉంటుంది, పైకి చదివితే తేటపడుతుంది. చాలా ఉత్తరాలు ఒకే రకంగా మొదలవుతాయి: కలం చేతబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను, నేను క్షేమం, ఈ ఉత్తరం అందేసరికి మీరు కూడా క్షేమంగా ఉంటారని తలుస్తాను అని. మన పాత ఉత్తరాల్లోని ‘ఉభయకుశలోపరి’ లాంటిదే ఇదీ. ఆ వాక్యం దాటాక అసలు సంగతులు వస్తాయి: విరేచనాలు, తట్టు, బూట్లు లేకపోవడం, పంట ఎవరు కోస్తున్నారన్న బెంగ, అప్పు తీర్చావా అన్న ప్రశ్న. యుద్ధం వర్ణన కోసం వెతికేవాళ్లకు నిరాశే. రోజువారీ బతుకు కావాలన్నవాళ్లకు, కథలు, నవలలు రాసేవాళ్లకు దీన్ని మించింది లేదు.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఇలాంటి సేకరణలకు ఉత్తరాలు ఎక్కువగా కుటుంబాల నుంచే వచ్చాయి. ఇంట్లో దాచుకునే ఉత్తరాలు మంచి కొడుకువి, మంచి భర్తవి. పరువు తీసే ఉత్తరాలు ఎప్పుడో పొయ్యిలోకి పోయి ఉంటాయి. పైగా దక్షిణాది సైనికులు అందుకున్న ఉత్తరాల కన్నా రాసినవే ఎక్కువ మిగిలాయి. ఇంటి నుంచి వచ్చినవి సంచిలో తడిసి, మార్చ్‌లో పారేసి, చదివి కాల్చేసి పోయాయి. భార్యల గొంతు కావాలంటే కాస్త ఎక్కువ వెతకాలి.

స్త్రీల ఉత్తరాలు, రాజకీయం రెండూ ఒకేచోట కావాలంటే రోచెస్టర్ విశ్వవిద్యాలయంవాళ్ల సీవర్డ్ ఫ్యామిలీ డిజిటల్ ఆర్కైవ్ చూడండి. విలియం సీవర్డ్ లింకన్ మంత్రివర్గంలో విదేశాంగ మంత్రి. 1867లో రష్యా నుంచి అలాస్కాను కొన్నది ఈయనే. భార్య ఫ్రాన్సెస్ బానిసత్వ విషయంలో ఆయనకన్నా గట్టి మనిషి, ఉత్తరాల్లో మొహమాటం లేకుండా నిలదీసేది. మంత్రిగారి నిర్ణయాల వెనక ఇంట్లో ఏ మాటలు నడిచాయో తెలుస్తుంది.

సైన్యం పత్రాలు, పెన్షన్ ఫైళ్లు

యుద్ధాల వివరాలు, ఎవరు ఎప్పుడు ఏ ఆదేశం ఇచ్చారన్నది కావాలంటే ప్రభుత్వం 1880 నుంచి 1901 దాకా అచ్చువేసిన ‘అఫీషియల్ రికార్డ్స్’ ఉన్నాయి. 70 సంపుటాలు, 128 పుస్తకాలు. నాలుగు వరుసలుగా వేశారు: మొదటిది యుద్ధ చర్యలు, రెండోది ఖైదీలు, మూడోది యూనియన్ ప్రభుత్వ వ్యవహారాలు, నాలుగోది కాన్ఫెడరేట్ ప్రభుత్వానివి. అచ్చులో ఉంటాయి కాబట్టి వెతకడం సులువు. కానీ ఓడిన జనరల్ రాసిన రిపోర్టులో తప్పు ఎప్పుడూ పక్క దళానిదే అవుతుంది. ఒక యుద్ధం మీద కనీసం రెండు పక్షాల రిపోర్టులు చదవకుండా ఏదీ నమ్మకండి.

ఈ పుస్తకాలను యుద్ధ పిచ్చి ఉన్నవాళ్లకు వదిలేయకండి. నాలుగో వరుస మొదటి సంపుటంలో 1860 డిసెంబరు 27న అలబామా ప్రతినిధి స్టీఫెన్ హేల్ కెంటకీ గవర్నర్‌కు రాసిన పొడుగాటి ఉత్తరం ఉంది. మీరూ యూనియన్ నుంచి విడిపోయి మాతో రండి అని ఒప్పించడానికి రాసింది. అందులో బానిసల విలువ 400 కోట్ల డాలర్లకు తక్కువ కాదని లెక్క చెబుతాడు, లింకన్ గెలవడమంటే ఆ ఆస్తి మీదా, తెల్లవాళ్ల ఆధిపత్యం మీదా యుద్ధం ప్రకటించడమేనంటాడు. దాపరికం లేదు. యుద్ధం ముగిశాక అదే పక్షంవాళ్లలో చాలామంది ఇదంతా రాష్ట్రాల హక్కుల కోసమని రాసుకుంటూ వచ్చారు. యుద్ధానికి కారణం మీద వాదన వచ్చినప్పుడల్లా, తర్వాత రాసిన ఆత్మకథలు పక్కన పెట్టి ముందు రాసిన ఈ ఉత్తరం తీయండి. హైస్కూల్ పిల్లలు ఈ అంశం ఎంచుకుంటే నేను నేరుగా ఇక్కడికే పంపిస్తాను.

కాన్ఫెడరేట్ నాయకుల పత్రాలు మాత్రం చెల్లాచెదురు. 1865 ఏప్రిల్ మొదట్లో రిచ్‌మండ్ ఖాళీ చేసిన రాత్రి మంటల్లో చాలా పోయాయి, దొరికినవి యూనియన్ సైన్యం పట్టుకుపోయింది. అవి నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాయి. కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఉత్తరాలను హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పోగుచేసి 14 సంపుటాలుగా తెచ్చింది. ఎదుటి పక్షాన యూనియన్ సేనాని జనరల్ గ్రాంట్ పత్రాలు 32 సంపుటాలు. అవి ఇప్పుడు మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. గ్రాంట్ 1863లో ముట్టడించి గెలిచిన విక్స్‌బర్గ్ ఉన్న రాష్ట్రమే ఇప్పుడు ఆయన కాగితాలకు కాపలా కాస్తోంది. ఈ రెండూ పరిశోధకులకు సరే, కొత్తవాళ్లకు బరువు.

పెన్షన్ ఫైళ్ల సంగతి వేరు. 1862 జులై చట్టం ప్రకారం చనిపోయిన మామూలు సిపాయి భార్యకు, ఆమె లేకపోతే అతని మీద ఆధారపడిన తల్లికి నెలకు 8 డాలర్లు వచ్చేవి. కొడుకే తనను పోషించేవాడని తల్లి రుజువు చూపించాలి. రుజువంటే ఏముంటుంది? కొడుకు రాసిన ఉత్తరమే. ఇదిగో అమ్మా, ఈసారి 10 డాలర్లు పంపుతున్నాను అన్న వాక్యం ఉన్న కాగితాన్ని ఆమె ఆఫీసుకు ఇచ్చేసింది. అది ఫైలులోనే ఉండిపోయింది. బిడ్డ చేతిరాత ఇంట్లో మిగుల్చుకునే స్థోమత కూడా లేని తల్లులు వాళ్లు. కుటుంబాలు దాచుకున్న సేకరణల్లో పేదవాళ్లు తక్కువ కనిపిస్తారు, ఇక్కడ వాళ్లే ఎక్కువ. నల్ల సైనికుల భార్యల ఫైళ్లలో ఉత్తరాలకన్నా సాక్ష్యాలు ఎక్కువ. బానిసల పెళ్లికి కాగితం ఉండదు కదా, అందుకని ఇరుగుపొరుగు వచ్చి వీళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలేనని చెప్పాల్సి వచ్చింది.

అయితే అసలు కష్టం ఇక్కడే. ఈ ఫైళ్లలో కొంత భాగమే ఆన్‌లైన్‌కు వచ్చింది, అందులోనూ చాలావరకు డబ్బు కట్టి చూసే ఫోల్డ్3 లాంటి చోట్ల ఉంది. మిగతావాటికి నేషనల్ ఆర్కైవ్స్‌కు ఫీజు కట్టి కాపీ తెప్పించుకోవాలి, లేదా వాషింగ్టన్ వెళ్లాలి. ఏ సైనికుడి ఫైలు కావాలో పేరు, దళం తెలిసి ఉండాలి. దక్షిణాది సైనికులకు ఫెడరల్ పెన్షన్ లేదు. వాళ్లకు తర్వాత ఆయా రాష్ట్రాలు ఇచ్చాయి కాబట్టి ఆ ఫైళ్లు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రెండు వారాల్లో ప్రాజెక్టు ఇవ్వాల్సినవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది. పరిశోధనకు ఏళ్లు పెట్టగలిగినవాళ్లకు మాత్రం, ఇంకా ఎవరూ సరిగ్గా దున్నని పొలం ఇదే.

పేరుమోసిన ఉత్తరాలతో జాగ్రత్త

ఎక్కువగా షేర్ అయ్యే ఉత్తరాల్లో రెండింటికి అసలు ప్రతులే లేవు. ఒకటి, ఐదుగురు కొడుకులను యుద్ధంలో పోగొట్టుకుందని చెప్పిన బోస్టన్ తల్లి లిడియా బిక్స్‌బీకి 1864 నవంబరు 21 తేదీతో లింకన్ పేరిట వెళ్లిన ఓదార్పు ఉత్తరం. అది పత్రికలో అచ్చయింది కాబట్టి పాఠం మిగిలింది, అసలు కాగితం దొరకలేదు. యుద్ధంలో చనిపోయిన కొడుకులు ఇద్దరేనని తర్వాత తేలింది. రాసింది లింకనా, కార్యదర్శి జాన్ హేనా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గోడకు తగిలించుకునే ‘చేతిరాత’ కాపీలన్నీ తర్వాత తయారైనవే. రెండోది రోడ్ ఐలాండ్ మేజర్ సలివన్ బల్లూ 1861 జులై 14న భార్యకు రాసిన ప్రేమలేఖ. మొదటి బుల్ రన్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. ఇదీ నకళ్ల ద్వారానే తెలుసు. చదవండి, కంటతడి పెట్టుకోండి, తప్పులేదు. కానీ ప్రాజెక్టుకు ఆధారంగా పెట్టేటప్పుడు ఇది నకలు అని రాయాలి. అసలు ప్రతి స్కాన్ కనిపించే ఉత్తరం దొరికే అవకాశం ఉన్నప్పుడు వీటి జోలికి వెళ్లకపోవడం ఇంకా మేలు.

చేతిరాత చదవడానికి రెండు చిట్కాలు. ఆంగ్లంలో రెండు ‘ఎస్’లు పక్కపక్కన వచ్చే మాటల్లో మొదటిదాన్ని పాతకాలంవాళ్లు పొడుగ్గా, ‘ఎఫ్’ లాగా రాసేవాళ్లు. ఇది తెలియక చాలామంది మాటలు తప్పు చదువుతారు. కాగితం కరువైనప్పుడు పేజీ నిండాక దాన్ని అడ్డంగా తిప్పి, రాసినదాని మీదే మళ్లీ రాసేవాళ్లు. అలాంటి స్కాన్‌ను తిప్పి పెట్టుకుని ఒక దిశలో ఉన్న గీతలే చూస్తూ చదవాలి. దక్షిణాదిన రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించడం వల్ల కాగితం దొరక్క వాడిన కవర్లను తిరగేసి మళ్లీ వాడారు, గోడలకు అంటించే కాగితం మీద కూడా రాశారు. అలాంటిది ఎదురైతే వెనకవైపు స్కాన్ కూడా తెరవండి, కొన్నిసార్లు అక్కడ పాత చిరునామా కనిపిస్తుంది.

యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడిన కథ మీద పనిచేస్తున్నవాళ్లు కూడా కొందరు ఈ ఉత్తరాల్లో వెతుకుతుంటారు. ఆ విషయానికి ఇవి సరైన చోటు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్లు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఇండియా ఆఫీస్ రికార్డులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడికే వెళ్లాలి.

తెలుగులోకి అనువదించాలనుకునేవాళ్లకు హక్కుల ఇబ్బంది పెద్దగా లేదు. 19వ శతాబ్దపు ఈ ఉత్తరాల్లో చాలావాటి మీద ఇప్పుడు కాపీరైట్ లేదు. కానీ సంపాదకులు రాసిన వివరణలు, పీఠికలు వాళ్లవే. వాటిని అలాగే ఎత్తి రాయకూడదు. మొదటి అనువాదానికి గూడింగ్ ఉత్తరం తీసుకోమంటాను. నిడివి తక్కువ, వాదన సూటిగా ఉంటుంది, వివరణ లేకుండానే తెలుగు పాఠకుడికి అందుతుంది. లింకన్ రాజకీయ లేఖల్లో ప్రతి పేరుకూ ఫుట్‌నోట్ పెట్టుకుంటూ పోవాలి. అనువాదం పక్కన ఆర్కైవ్ పేరు, తేదీ, ఫైలు వివరం తప్పకుండా ఇవ్వండి. యానీ డేవిస్ ఉత్తరం లాంటివి వేరే ఆర్కైవ్‌లో ఉంటాయని చెప్పాను కదా, ఆ ఒక్క వివరం లేకపోతే మీ తర్వాత వెతికేవాళ్లు లింకన్ పేపర్లలో పడి కొట్టుకుంటారు.